ఆ శుక్రవారం ఆయన నమాజుకు పోలేదు

ఆ శుక్రవారం ఆయన నమాజుకు పోలేదు. వేంపల్లెలో పెండ్లి జరుగుతున్న కల్యాణమండపం గేటు దగ్గర, ఎర్రటి ఎండలో, చిన్న కెమెరా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్కడికి ఆయన్ని పంపింది నేను. చెప్పడానికి గుక్కెడు ఊపిరి కూడా అక్కర్లేని ఈ మాటను, చెప్పాల్సిన రోజున, చెప్పాల్సిన మనుషుల ముందు నేను చెప్పలేదు.

మొన్న ఎండాకాలంలో కడపలో ఆయన్ని మట్టి చేసి వస్తూ దారిలో టీ కొట్టు దగ్గర ఆగాను. టీ వడబోసే మనిషి నా చేతులకంటిన మట్టి చూసి, ఎవరు పోయారని అడిగాడు. పేరు చెప్పాను. బెంచీ మీద కూర్చున్న ఒకతను తల తిప్పి అన్నాడు:

"ఎవురు? నమాజుకు పోయి ముహూర్తం పోగొట్టినాడే, ఆ వీడియో సాయిబా?"

అందులో కోపమూ లేదు, వెక్కిరింతా లేదు. ఒకరి ఇంటిపేరు చెప్పినంత మామూలుగా చెప్పాడు. నాకు మాత్రం ఒళ్లంతా మండిపోయింది. ఆ మనిషి గల్లా పట్టుకోవాలనిపించింది. అయితే ఆ మాట అతనికి ఎక్కడినుంచి వచ్చిందో తవ్వుకుంటూ పోతే చివరకు దొరికేది నా గల్లాయే. డబ్బులిచ్చేసి, టీ తాగకుండానే వచ్చేశాను.

ఆయన సౌమ్యుడనీ, నోట్లో నాలుక లేనివాడనీ రాయను. చచ్చిపోయిన వాళ్లందరినీ మంచివాళ్లను చేసే అలవాటు ఆయనకే గిట్టదు. నోటి దురుసు మనిషి. నా స్టూడియోలో నాకంటే పెద్దవాడు, నాకంటే ముందునుంచీ వీడియోలు తీస్తున్నవాడు. పెండ్లిలో వేదికకు అడ్డంగా నిలబడ్డ ఆడవాళ్లను, "ఏమ్మా, నీ ఈపు మీద సినిమా తీయల్లనా?" అని కేక వేసేవాడు. పంక్తిలో తొలి ఆకు ముందు కూర్చోబెట్టకపోతే అలిగేవాడు. పెండ్లికొడుకు నవ్వకపోతే, "ఏమప్పా, నిన్నేమన్నా జైలుకు తీసుకపోతాండారా?" అని అందరి ముందూ అడిగేవాడు. తన లెన్సు తుడిచే గుడ్డ ఎవరైనా ముట్టుకుంటే అరిచి ఊరంతా ఏకం చేసేవాడు.

నడిచేటప్పుడు ఆయన కుడిభుజం కాస్త పైకి లేచి ఉండేది. ఏళ్ల తరబడి పెద్ద కెమెరా మోసిన భుజం అది. సంతకు పోయినా, పెద్దాసుపత్రికి పోయినా, ఆ భుజం మీద కనబడని బరువేదో ఉన్నట్టే నడిచేవాడు.

చిన్న కెమెరా తెచ్చింది నేను. ఫోటోలకని పుట్టి వీడియో కూడా నేర్చుకున్న రకం, లెన్సులు మార్చుకునేది. బెంగళూరు పోయి కొనుక్కొచ్చి టేబుల్ మీద పెడితే, ఆయన దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేందప్పా, సబ్బుబిళ్ల మాదిరి ఉండాది?"

"భాయ్, దీంతో వీడియో తీస్తే సినిమా మాదిరి వస్తాది."

"వచ్చేది తర్వాత. దీన్ని యాడ పెట్టుకునేది? భుజం మీద నిలవదు. చేతిలో పట్టుకుంటే వణుకుతాది. ముసిలోనికి టీ కప్పు ఇచ్చినట్టుండాది."

దాంతో తీసిన మొదటి పెండ్లి ప్రొద్దుటూరులో. పెండ్లికూతురి తండ్రి మా ఇద్దర్నీ, మా చేతుల్లోని కెమెరాలనూ చూసి, "ఫోటోలోళ్లు వచ్చినారు సరే, వీడియోవోళ్లు యాడ?" అన్నాడు. ఆయన రెండు చేతులూ జోడించి, "ఈడే ఉండాం సామీ. మేమే చిన్నగయినాం" అన్నాడు. ఆ తండ్రికి నవ్వు రాలేదు. పెద్ద కెమెరాకు చెప్పిన ధరకు చిన్న కెమెరా తెచ్చి మోసం చేశారని పెండ్లి అయిందాకా గొణుగుతూనే ఉన్నాడు.

ఆ మరుసటి పెండ్లికి ఆయన పాత భుజం కెమెరాను కూడా తెచ్చాడు. అది చెడిపోయి చాలాకాలమైంది. దాన్ని స్టాండు మీదికెక్కించి, వేదికకు ఎదురుగా, అందరికీ కనబడేట్టు నిలబెట్టాడు. చుట్టాలందరూ దాని ముందుకొచ్చి చీరలు సర్దుకుని, మీసాలు దువ్వుకుని, బిగదీసుకుని నిలబడేవాళ్లు. ఆయన పక్కనుంచి చిన్న కెమెరాతో, ఆ పెద్దదానికి మొహం ఇవ్వని వాళ్లను తీసుకునేవాడు. చెప్పులు వెతుక్కునే మామను. పెరుగు బకెట్ దగ్గర పోట్లాడుకునే వియ్యపురాళ్లను. ఎవరూ చూడడం లేదనుకుని కండ్లు ఒత్తుకునే పెండ్లికూతురి అన్నను. పెద్ద కెమెరాతో ఇన్నేళ్లలో ఇలాంటివి ఎప్పుడూ రాలేదు. అది వస్తుంటేనే మనుషులు బొమ్మలైపోయేవాళ్లు.

చిన్న కెమెరా మీద ఆయనకు మనసు మారిన రోజు నాకు బాగా గుర్తుంది. ఒక ఇంట్లో పెండ్లికూతురి అవ్వ, పడమటి గదిలో, ఒక్క బల్బు కింద కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. మనవరాలు వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టింది. అంతే. ఈయన వాకిట్లో నుంచి, వేరే లైటు వేయకుండా తీశాడు. స్టూడియోలో పెద్ద తెర మీద చూస్తే, అవ్వ మొహంలోని ప్రతి గీతా ఉంది, వెనకున్న బియ్యం బస్తాలూ బీరువా మెత్తగా కరిగిపోయి ఉన్నాయి. ఆయన మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పించుకుని చూశాడు. తర్వాత అన్నాడు:

"ఇన్నాళ్లూ ఆ లైటు మొహాన కొట్టి ఎంతమంది ఆడపిల్లోళ్ల కండ్లు మండిచ్చినానో."

దాన్ని మెచ్చుకున్నాక కూడా తిట్టడం ఆపలేదు. మనిషి నాలుగడుగులు నడిస్తే దీనికి చూపు పోతుందనేవాడు. నిజమే, మొహం మసకైపోయి వెనక గోడ తేటపడేది. ఎండలో తెర మీద ఏమీ కనబడదని తువ్వాలు తల మీద కప్పుకుని చూసేవాడు. మే నెలలో కెమెరా పెనంలా కాలేది. అన్నిటికంటే ఆయనకు కోపం తెప్పించేది దాని చెవి, అదే మైకు. "దీని చెవు నా నోటికాడే ఉండాది. మంత్రాలు వినపడవు, నా దగ్గు వినపడతాది" అనేవాడు. ఆయనకు తీస్తూ తీస్తూ తనలో తాను గొణుక్కునే అలవాటు. పాత కెమెరాకు అది అందేది కాదు. ఇది మాత్రం ప్రతి గొణుగుడూ పట్టేసేది. 'ఈ మామకు కోపమొచ్చినట్టుండాదే', 'పాయసం అయిపోతాండాది, పోవల్ల' లాంటివి నేను ఎడిటింగులో వినేవాణ్ణి. నవ్వుకుని, వాటి మీద పాటలు వేసి కప్పేసేవాణ్ణి.

ఇంకొకటి ఉంది. ఈ కెమెరా ఒకసారి నొక్కితే కొంతసేపు నడిచి, దానంతట అదే ఆగిపోతుంది. గంట కొట్టదు, చెప్పదు. తెర మీద చిన్న ఎర్ర చుక్క మాయమవుతుంది, అంతే. "సెప్పకుండా నిద్రపోతాది, దొంగముండ" అనేవాడు. దానికి ఆయన సొంతంగా ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పంతులు నీళ్లు అడిగినప్పుడు, తమలపాకుల కోసం వెతుకులాట మొదలైనప్పుడు, పసుపుకొమ్ము ఎవరి దగ్గరుందో తెలియక అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నప్పుడు, ఆపి మళ్లీ నొక్కేవాడు. జీలకర్ర బెల్లం ముద్ద పళ్లెంలోకి రాగానే, ఏం జరుగుతున్నా సరే, ఒకసారి ఆపి నొక్కేవాడు. నాకు అది చాదస్తంగా కనబడేది. ఆపితే ఆ క్షణంలో ఏదైనా పోతుందేమోనని, నేను నడిచినంతసేపు నడవనిచ్చేవాణ్ణి.

వేంపల్లె పెండ్లి శుక్రవారం మధ్యాహ్నం ముహూర్తం. ఇంటివాళ్లు భూములున్నవాళ్లు, పెండ్లికూతురి అన్న అప్పుడప్పుడే రాజకీయాల్లో తిరుగుతున్నాడు. పొద్దున్నే నా భుజం మీద చెయ్యేసి, "అన్న వస్తాండాడు. కారు దిగేకాడ్నుంచి రావల్ల. అది తప్పితే మీ ఇద్దర్నీ ఈడ్నే పాతిపెడతా" అని నవ్వుతూ చెప్పాడు. అన్న అంటే వాళ్ల నాయకుడు. మా దగ్గర పెండ్లిళ్లలో నాయకుడి రాక కూడా ఒక తంతే. వధూవరులకంటే ముందు ఆయనకు కెమెరా ఉండాలి.

వేదిక ముందు స్టాండు మీద ఒక కెమెరా, దాని వెనక నేను. పక్క నుంచి ఇంకో కెమెరాతో ఆయన. ముహూర్తం దగ్గర పడుతుండగా, నాయకుడు బయల్దేరాడని ఫోన్ వచ్చింది. నేను ఆయన్ని గేటు దగ్గరికి పొమ్మన్నాను.

"ఇప్పుడా? జీలకర్ర బెల్లం వస్తాది గదప్పా."

"ఇది నేను చూసుకుంటా. నువ్వు పో భాయ్."

"ముద్ద కనపడతానే ఆపి నొక్కు. మర్సిపోవాకు."

"సరే పో!" అని విసుక్కున్నాను. ఆయన పోయాడు.

పంతులు కేక వేశాడు, గట్టిమేళం మోగింది, అక్షింతలు వానలా పడ్డాయి. ఆ వేళకు నా కండ్లు ఎక్కడున్నాయి? గేటు వైపు. కారు వచ్చిందా, ఆ షాటు సరిగా పడుతుందా, పెండ్లికూతురి అన్న చూస్తున్నాడా అని. మెడ చాపి చూసి, మళ్లీ కెమెరా వైపు తిరిగేసరికి ఎర్ర చుక్క లేదు. ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. పెండ్లికూతురి తల మీద జీలకర్ర బెల్లం అప్పటికే ఉంది.

ఆ రాత్రి స్టూడియోలో రెండో కెమెరా క్లిప్పు పెట్టుకుని విన్నాను. కారు ఇంకా రాలేదు, ఖాళీ రోడ్డు. వెనక మండపంలో గట్టిమేళం స్పష్టంగా వినబడుతోంది. దానికంటే స్పష్టంగా, కెమెరా చెవి దగ్గర, ఆయన గొణుగుడు:

"జుమ్మా నమాజు పాయె. ఆడ మేళం మోగిపాయె. ఈయన ఇంకా రాకపాయె."

నాకు నవ్వొచ్చింది. ఆ క్లిప్పును కారు వచ్చే దగ్గర్నుంచి కోసి, మీద ఒక పాట వేశాను.

కొన్నాళ్లకు పెండ్లికూతురి అన్న ఇద్దరు స్నేహితులను వెంటేసుకుని స్టూడియోకు వచ్చాడు. వీడియో చూశాడు. మళ్లీ చూశాడు. "ముహూర్తం యాడ?" అన్నాడు. వేరేవాళ్లు తీసిన ఫోటోలున్నాయి, వీడియో లేదు. అప్పటికి అందరి చేతుల్లోనూ ఇంత మంచి ఫోన్లు లేవు. కెమెరా ఆగిపోయిందన్నాను.

"ఒకటి ఆగితే, రెండోది ఏమాయె? రెండు కెమెరాలకు గదా మాట్లాడుకునింది? ఆ సాయిబు యాడుండాడు ఆ టైములో?"

నేను నోరు తెరిచేలోపే ఒక స్నేహితుడు అందుకున్నాడు: "శుక్రవారం గదన్నా. నమాజుకు పోయింటాడు."

గదిలో అందరి మొహాలూ తేలికపడ్డాయి. నా మొహం కూడా. అది నాకు తెలుస్తూనే ఉంది. ఒక కారణం దొరికింది, అది నేను కాదు. నేను కీబోర్డు వైపు చూస్తూ ఉండిపోయాను.

అంతలో ఆయన లోపలికొచ్చాడు. పెండ్లికూతురి అన్న అరిచాడు. ఆయన మొదట అర్థం కానట్టు చూసి, తర్వాత ఆయనే పెద్దగా అరిచాడు.

"నమాజుకా? ఎవురు చెప్పిరి? నేను గేటుకాడ ఉండా! మీ అన్న కారు తీసింది ఎవురు, దయ్యమా?"

"అన్నను తీసి, ఆపైన జారుకున్యావు."

"అన్న వచ్చిందే మేళం అయిపోయినాక! మొత్తం క్లిప్పు ఏయమను. మేళం వినపడతాది." నా వైపు తిరిగాడు. "ఏయప్పా. పాట తీసేసి, అసలుది ఏయి."

నేను అన్నాను: "కార్డు తుడిచేసినా భాయ్. వేరే పెండ్లికి కావల్సొచ్చె."

అప్పటికి తుడవలేదు. క్లిప్పు నా ముందున్న కంప్యూటర్లోనే ఉంది. వాళ్లు వెళ్లిపోయాక తుడిచాను.

ఆయన నన్ను చూసిన చూపును రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. రాలేదు. తిట్టలేదని మాత్రం చెప్పగలను. అంత నోరున్న మనిషి, లెన్సు గుడ్డ ముట్టుకుంటే ఊరంతా ఏకం చేసే మనిషి, ఆ గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ స్టూడియో మెట్లెక్కలేదు.

మాట పాకింది. ఉగాదినాడు ముసల్మానులు దేవుని కడప గుడికొచ్చి టెంకాయ కొట్టే ఊరు మాది. పీర్ల పండగకు రెడ్లు గుండం తొక్కే సీమ మాది. మన దగ్గర మతాల తేడాలు లేవని సభల్లో చెప్పుకుంటాం. అయినా ఆ మాట నమ్మడానికి ఎవరికీ రెండో ఆలోచన పట్టలేదు. ఎన్నో ముహూర్తాలు తీసిన మనిషి, శుక్రవారం జుమ్మాలు వదులుకుని మన పెండ్లిళ్లకు వచ్చిన మనిషి, ఆ ఒక్క శుక్రవారం ఎందుకు పోతాడని ఒక్కరూ అడగలేదు. "పెండ్లికి సాయిబు వద్దులేప్పా, మళ్లా ముహూర్తం టైముకు..." అని నా దగ్గరే అన్నారు. నేను తల ఊపాను. పని పోగొట్టుకోలేదు. తల ఊపి సంపాదించుకున్నాను.

ఆయన కర్నూలు పోయి, బావమరిది కొట్లో పాస్‌పోర్టు ఫోటోలు తీస్తూ బతికాడు. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి కర్నూలు బస్టాండులో ఎదురుపడ్డాడు. జుట్టు తెల్లబడింది, భుజం మాత్రం అలాగే లేచి ఉంది. నేను పక్కకు తీసుకుపోయి, చేతులు పట్టుకుని మొదలుపెట్టాను: "భాయ్, ఆ పొద్దు నువ్వు గేటుకాడనే..."

చెయ్యి విదిలించుకున్నాడు.

"నాకు చెప్తాండావా? నేను యాడుండానో నాకు తెల్దా? ఎంత తెలివప్పా నీది! తెలిసినోనికి చెప్పి, బరువు దించుకొని పోదామని వచ్చినావు. తెలీనోళ్లుండారు సూడు, వాళ్లకు చెప్పుపో. పో!"

బస్టాండంతా మా వైపు చూసింది. మళ్లీ తన పాత గొంతు వినిపించాడని నాకు సంతోషం కూడా వేసింది, సిగ్గులేకుండా. ఆయన చెప్పింది సరైనదని తెలుసు. తెలిసి కూడా వేంపల్లె బస్సెక్కలేదు. రేపు, ఎల్లుండి, ఈ పెండ్లిళ్ల కాలం అయిపోయాక. ఈలోగా ఆయన పోయాడు.

టీ కొట్టు దగ్గర ఆ మాట విన్న వారంలోనే వేంపల్లె పోయాను. పెండ్లికూతురి అన్న ఇప్పుడు మండలంలో పెద్దమనిషి. వరండాలో నలుగురితో కూర్చుని ఉన్నాడు. ఆ నలుగురి ముందే చెప్పాను. గేటు, ఎర్ర చుక్క, మేళం, తుడిచేసిన క్లిప్పు, అంతా.

అతను నవ్వాడు. "ఇన్నేండ్లకు గుర్తొచ్చెనా? ఇడిసిపెట్టప్పా. మా చెల్లెలి పిల్లోళ్లే బడికి పోతాండారు. ఆ వీడియో ఎవురు సూడొచ్చినారు?"

"నేను వీడియో కోసం రాలేదు. ఆ మనిషి పేరు కోసం వచ్చినా."

"పోయినాడంట గదా."

"పేరు పోలేదు. మీరు పెట్టిన పేరే ఇంకా తిరుగుతాండాది."

నవ్వు పోయింది. "నువ్వు ఆ పొద్దే చెప్పింటే మాకు తెలిసేది గదా? నువ్వు నోరు మూసుకొని, ఇప్పుడు నా ఇంటికొచ్చి నా తప్పంటావా?"

"తప్పు నాదే. కానీ ఆయన మీ ముందు నిలబడి మొత్తుకున్యాడు. మీరు ఆయన్ను నమ్మలా, మాట్లాడని నన్ను నమ్మినారు. అదెందుకో మీరే ఆలోచించుకోండి."

"ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"ఎంతమందికి చెప్పినారో అంతమందికి చెప్పండి."

"ఎవురెవురికని చెప్పేదప్పా!" అని విసుగ్గా లేచి లోపలికి పోయాడు. వరండాలోని నలుగురూ నా వైపు చూడకుండా కూర్చున్నారు. వాళ్లు వింటే చాలనుకున్నాను. వింటే చాలదని బస్సులో వస్తుంటే అర్థమైంది. టీ కొట్టు మనిషికి చెప్పాను. "అట్లనా" అని టీ వడబోసుకున్నాడు. మా వీడియోవాళ్ల సంఘంలో లేచి నిలబడి చెప్పాను. కొందరు తల దించుకున్నారు, ఒకడు ఫోన్ చూసుకుంటూ ఉన్నాడు. అబద్ధానికి నేను ఖర్చు పెట్టింది ఒక్క మాటే, అయినా అది అన్ని ఊళ్లూ తిరిగింది. నిజం ఎంత అరిచి చెప్పినా గుమ్మం దాటడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. చదివిన వాళ్లు ఇంకొకరికి చెప్పండి.

చివరగా ఆయన ఇంటికి పోయాను. కడపలో, వాళ్ల పాత ఇంటికే తిరిగొచ్చి ఉన్నారు. భర్త పోయిన ఆడమనిషి గడువు తీరేదాకా పరాయి మగవాళ్ల కంట పడకూడదు కాబట్టి, ఆయన భార్య తెర వెనకే ఉంది. నేను గడప బయట నిలబడ్డాను. ఆమెను ఎప్పుడూ వదినా అనే పిలిచేవాణ్ణి. వచ్చానని చెప్పాను.

తెర వెనక నుంచి గొంతు వచ్చింది.

"దినామూ తిట్టినాడు నిన్ను. అన్నం తినేటప్పుడు గూడ."

"తిట్టల్ల గదా వదినా."

"ఎందుకు వచ్చినావు? నాకు చెప్పేదానికా?"

"వేంపల్లెలో చెప్పి వచ్చినా. సంఘంలో చెప్పినా. అందరికీ చెప్పినాకనే ఈడికి వచ్చినా."

లోపల ఏదో పాత్ర కింద పెట్టిన చప్పుడు.

"అయితే చెప్పు" అంది.

"వదినా, ఆయన్ను గేటుకాడికి పంపింది నేను. కెమెరా ఆగిపోయింది నా ముందర. నమాజుకు పోయినాడని వాళ్లు అంటాంటే నేను నోరెత్తలేదు. మేళం వినపడే క్లిప్పు ఉన్నింది, లేదని చెప్పినా, వాళ్లు పోయినాక తుడిచేసినా. ఆయన జుమ్మా ఇడిసిపెట్టి నా పని చేస్తాండె. నేను ఆ జుమ్మానే ఆయన మీదికి తోసినా. తప్పు చేసినా వదినా. మన్నించు."